సిజేరియన్ తర్వాత మూత్రకోశ సమస్యలు: లెక్కల్లోకి రాని బాధ

దేశంలో ప్రతి ఐదు కాన్పులలో ఒకటి ఇప్పుడు శస్త్రచికిత్స ద్వారా జరుగుతున్నది. 2019-21 మధ్య నిర్వహించిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా సిజేరియన్ కాన్పుల వాటా 21.5 శాతం. 2005-06లో జరిగిన మూడవ సర్వేలో అది 8.5 శాతం మాత్రమే. 2015-16 నాటికి 17.2 శాతానికి చేరింది. తెలంగాణలో ఈ వాటా 60.7 శాతం, దేశంలోని రాష్ట్రాలన్నింటిలోనూ ఇదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో 2017-18లో 34 శాతంగా ఉన్న సిజేరియన్లు 2022 సర్వే నాటికి 45 శాతానికి పెరిగాయి. పాకిస్తాన్‌లో 2017-18 సర్వే నాటికి 22 శాతం.

ఈ అంకెలు వెలువడిన ప్రతిసారీ అనవసరపు ఆపరేషన్లు, ప్రయివేటు ఆసుపత్రుల బిల్లులు, ముహూర్తం చూసి పెట్టించుకునే కాన్పుల గురించి చర్చ జరుగుతుంది. అది అవసరమైన చర్చే. అయితే ఆపరేషన్ ముగిసి, తల్లీబిడ్డలు ఇల్లు చేరిన తర్వాత ఆ తల్లి ఆరోగ్యం ఎలా ఉన్నదన్న ప్రశ్నకు ఈ చర్చలో దక్కుతున్న చోటు స్వల్పం. ముఖ్యంగా సిజేరియన్ తర్వాత తలెత్తే మూత్రకోశ సమస్యలు బయటికి చెప్పుకోవడానికి బిడియం కలిగించేవి. అందువల్ల అవి ఇంట్లోనే మిగిలిపోతున్నాయి, ప్రభుత్వ గణాంకాలలోకి కూడా సరిగా రావడం లేదు.

పక్కపక్కనే ఉన్న అవయవాలు

మూత్రాశయం గర్భాశయానికి ముందువైపున, దాని దిగువ భాగాన్ని ఆనుకుని ఉంటుంది. సిజేరియన్‌లో బిడ్డను బయటికి తీయడానికి వైద్యులు కోత పెట్టేది సరిగ్గా ఆ దిగువ భాగంలోనే. మూత్రపిండాల నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే రెండు నాళాలు గర్భాశయ ముఖద్వారానికి ఇరువైపులా, గర్భాశయ రక్తనాళాల కిందుగా సాగుతాయి. కోత అనుకున్నదానికంటే పక్కకు చీరినప్పుడు, రక్తస్రావాన్ని ఆపడానికి హడావుడిగా కుట్లు వేయవలసి వచ్చినప్పుడు ఈ నాళాలు ప్రమాదంలో పడతాయి. ఆపరేషన్‌కు ముందు కాథెటర్, అంటే మూత్రపు గొట్టం వేసి మూత్రాశయాన్ని ఖాళీ చేయడానికి ఒక కారణం ఇదే. నిండిన మూత్రాశయం కోతకు అడ్డు వస్తుంది, గాయపడే అవకాశమూ పెరుగుతుంది.

ఇటువంటి గాయాలు అరుదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2009లో వైద్యులకు ఇచ్చిన సూచనల ప్రకారం మూత్రాశయానికి గాయమయ్యే అవకాశం వెయ్యి సిజేరియన్లలో ఒకటి. మూత్రనాళానికి గాయమయ్యే అవకాశం పదివేలలో మూడు. ఈ నిష్పత్తిని చూసి ఊరట చెందవచ్చు. కానీ మన దేశంలో ఏటా జరిగే కాన్పులు రెండు కోట్లకు పైనే. వాటిలో ఐదో వంతు సిజేరియన్లంటే నలభై లక్షలు దాటుతాయి. బ్రిటిష్ నిష్పత్తినే ఇక్కడికి అన్వయించినా, ఏటా నాలుగు వేల మందికి పైగా తల్లులకు మూత్రాశయ గాయాలు, వెయ్యి మందికి పైగా తల్లులకు మూత్రనాళ గాయాలు అవుతున్నట్లు లెక్క తేలుతుంది. ఇది స్థూలమైన అంచనాయే. కానీ అరుదైన ప్రమాదం కూడా ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ ప్రజారోగ్య సమస్యగా మారుతుందని ఇది తెలియజేస్తున్నది.

రెండో ఆపరేషన్, మూడో ఆపరేషన్

ప్రమాదం అందరికీ సమానం కాదు. నొప్పులు గంటల తరబడి సాగి, బిడ్డ తల కటిభాగంలో బాగా కిందికి దిగిపోయిన తర్వాత చేసే సిజేరియన్‌లో గాయాల అవకాశం ఎక్కువ. అప్పటికి గర్భాశయపు దిగువ భాగం సాగి పలుచబడి ఉంటుంది, మూత్రాశయం మామూలు స్థానం కంటే పైకి జరిగి ఉంటుంది. అత్యవసర పరిస్థితిలో, సమయం తక్కువగా ఉన్నప్పుడు చేసే ఆపరేషన్లదీ ఇదే పరిస్థితి.

అంతకంటే ముఖ్యమైనది పూర్వపు సిజేరియన్. మొదటి ఆపరేషన్ గాయం మానే క్రమంలో మూత్రాశయం, గర్భాశయం ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. రెండోసారి కోత పెట్టేటప్పుడు ఆ అతుకులను విడదీయడం అనుభవజ్ఞులైన వైద్యులకు కూడా కష్టమే. తదుపరి గర్భంలో మాయ పాత కుట్టు మీద నాటుకుంటే గర్భాశయ కండరంలోకి, కొన్నిసార్లు దానిని దాటి మూత్రాశయం వరకూ చొచ్చుకుపోతుంది. అమెరికాలో ముప్పై వేల మంది తల్లులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాయ కిందికి ఉన్న గర్భిణులలో ఇలా చొచ్చుకుపోయే అవకాశం మొదటి సిజేరియన్ సమయంలో 3 శాతం. రెండో సిజేరియన్ నాటికి అది 11 శాతానికి, మూడో దానికి 40 శాతానికి పెరిగింది. అటువంటి స్థితిలో తల్లి ప్రాణం కాపాడటానికి గర్భాశయాన్నే తీసివేయవలసి రావచ్చు. మూత్రాశయం గాయపడే అవకాశం ఆ ఆపరేషన్లలో చాలా ఎక్కువ.

ఈ కోణంలో చూస్తే మొదటి కాన్పులో తీసుకునే నిర్ణయం ఆ ఒక్క కాన్పుకే పరిమితం కాదు. నేటి ముహూర్తం కోసం జరిగే ఆపరేషన్ తాలూకు భారం ఐదేళ్ల తర్వాత జరిగే రెండో ఆపరేషన్‌లో బయటపడవచ్చు. తెలంగాణలో ప్రయివేటు ఆసుపత్రుల కాన్పులలో 81.5 శాతం సిజేరియన్లేనని ఐదవ సర్వే తేల్చింది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకెలు వరుసగా 63 శాతం, 26.6 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాత కుట్టుతో మళ్లీ కాన్పుకు వచ్చే తల్లుల సంఖ్య రాబోయే సంవత్సరాలలో పెద్దదిగానే ఉంటుంది. ఈ రోజు సిజేరియన్లను తగ్గించగలిగినా ఆ తల్లులకు అవసరమైన జాగ్రత్త తగ్గదు.

చాలామందికి ఎదురయ్యే సమస్యలు

గాయాల కంటే ఎక్కువగా కనిపించేవి రెండు సమస్యలు. ఒకటి మూత్రం బంధించడం, రెండోది ఇన్ఫెక్షన్.

వెన్నుకు ఇచ్చే మత్తు ఇంజక్షన్ నడుము కింది భాగాన్నే కాక మూత్రాశయానికి వెళ్లే నరాలను కూడా మొద్దుబారుస్తుంది. నొప్పి తగ్గడానికి ఆ మత్తులో మార్ఫిన్ కలిపితే ఈ ప్రభావం మరింత సేపు ఉంటుంది. మూత్రాశయం నిండినా తల్లికి తెలియదు. గొట్టం తీసిన ఆరు గంటలలోపు మూత్రం రాకపోతే దానిని వైద్యులు సమస్యగా పరిగణిస్తారు. సకాలంలో గుర్తిస్తే మళ్లీ గొట్టం వేసి ఖాళీ చేయడంతో చాలావరకు కుదుటపడుతుంది. గుర్తించకుండా గంటలు గడిస్తే మూత్రాశయ కండరం అతిగా సాగి, దాని శక్తి తగ్గిపోతుంది. కొద్దికొద్దిగా మూత్రం వస్తూనే లోపల నిల్వ ఉండిపోయే సందర్భాలూ ఉంటాయి. అందుకే వచ్చిందా లేదా అని అడగడంతో సరిపెట్టకుండా, మొదటిసారి ఎంత వచ్చిందో కొలవడం అవసరం. కొలిచే పాత్ర ఒకటి, కేస్ షీట్‌లో రాసే నర్సు ఒకరు ఉంటే ఈ పని జరుగుతుంది. రద్దీగా ఉండే ప్రసూతి వార్డులలో కొరవడేది తరచుగా ఆ రెండోదే.

ఇన్ఫెక్షన్‌కు ప్రధాన కారణం గొట్టమే. అది లోపల ఉన్న ప్రతి అదనపు రోజూ సూక్ష్మక్రిములు చేరే అవకాశాన్ని పెంచుతుంది. శస్త్రచికిత్స తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులపై పనిచేసే ఎరాస్ సొసైటీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలలో సిజేరియన్ ముగిసిన వెంటనే గొట్టం తీసివేయాలని సూచించింది. బ్రిటన్ మార్గదర్శకాలు తల్లి లేచి నడవగలిగిన తర్వాత, చివరి మత్తు మోతాదు ఇచ్చి కనీసం 12 గంటలు గడిచాక తీయమంటున్నాయి. ఎప్పుడు తీయాలన్న దానిపై తేడా ఉన్నా, కారణం లేకుండా రోజుల తరబడి ఉంచరాదన్న విషయంలో తేడా లేదు. మూత్రాశయానికి గాయమై కుట్లు వేసినప్పుడు మాత్రం అది మానేవరకు, సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాలు, గొట్టం ఉంచవలసిందే.

దీనికి ఇంటి ఆచారం ఒకటి తోడవుతున్నది. బాలింత ఎక్కువ నీళ్లు తాగితే పొట్ట జారుతుందనీ, జలుబు చేస్తుందనీ, కుట్లకు చీము పడుతుందనీ నమ్మే ఇళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నాయి. పథ్యం పేరుతో నీళ్లను కొలిచి ఇవ్వడం వల్ల మూత్రం చిక్కబడుతుంది, మంట పెరుగుతుంది, చేరిన క్రిములు కొట్టుకుపోయే అవకాశం తగ్గుతుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీరు అవసరం. ఈ ఒక్క మాట ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు తల్లికే కాక, వెంట వచ్చిన అత్తగారికో అమ్మకో కూడా చెప్పగలిగితే ఖర్చు లేకుండా కొంత మేలు జరుగుతుంది.

మరొక చిక్కు మందులది. మూత్రంలో మంట అనగానే మందుల దుకాణంలో చేతికి వచ్చిన యాంటీబయాటిక్ కొనుక్కోవడం అలవాటుగా మారింది. మూత్రకోశ ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారకమైన ఈ-కోలై బ్యాక్టీరియా మన దేశంలో అనేక సాధారణ మందులకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి నివేదికలు హెచ్చరిస్తూనే ఉన్నాయి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు పాకి ఉండవచ్చు. మూత్ర పరీక్ష, కల్చర్ చేయించి, బిడ్డకు పాలిస్తున్న సంగతి వైద్యులకు చెప్పి మందు తీసుకోవడమే సరైన మార్గం.

ఆలస్యంగా బయటపడే గాయం

మూత్రాశయం గాయపడినప్పుడు ఆపరేషన్ బల్లపైనే గుర్తించి కుట్లు వేస్తే చాలామంది తల్లులు పూర్తిగా కోలుకుంటారు. అసలు కష్టం గుర్తించనప్పుడు మొదలవుతుంది. మూత్రనాళం కుట్టులో చిక్కుకుంటే నడుము పక్కన నొప్పి, జ్వరం, కడుపు ఉబ్బరం రావచ్చు. కొందరిలో ఏ లక్షణమూ లేకుండానే ఆ వైపు మూత్రపిండం క్రమంగా దెబ్బతింటుంది. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం ఏర్పడితే, కాన్పు జరిగిన కొద్ది రోజులకు గాని, ఒకటి రెండు వారాలకు గాని మూత్రం అదుపు లేకుండా కారడం మొదలవుతుంది. వైద్యులు దీనినే ఫిస్టులా అంటారు. రంధ్రం గర్భాశయంలోకి తెరుచుకుంటే మూత్రం కారకపోవచ్చు, కానీ నెలసరి సమయంలో మూత్రంలో రక్తం కనిపిస్తుంది. ఈజిప్టు వైద్యుడు యూసఫ్ 1957లో వర్ణించిన ఈ స్థితికి సిజేరియన్ ప్రధాన కారణం.

ఫిస్టులా అనగానే ఆసుపత్రి అందుబాటులో లేని పల్లెలో రోజుల తరబడి నొప్పులు పడిన తల్లి గుర్తుకు వస్తుంది. ఆ చిత్రం ఇప్పటికీ నిజమే. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2003లో ప్రారంభించిన ఉద్యమం, ఏటా మే 23న పాటించే అంతర్జాతీయ దినం ఆ తల్లుల కోసమే. అయితే చిత్రం కొంత మారుతున్నది. ఆఫ్రికా, ఆసియాలలోని 11 దేశాలలో చికిత్స పొందిన దాదాపు ఆరు వేల మంది ఫిస్టులా బాధితుల వివరాలను విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనం, వారిలో సుమారు 13 శాతం మందికి ఆ స్థితి శస్త్రచికిత్స వల్లనే వచ్చిందని తేల్చింది. అటువంటి కేసులలో అత్యధికం కాన్పు సంబంధిత ఆపరేషన్లవే. వైద్యం అందక కలిగిన గాయం ఒకటైతే, అందిన వైద్యంలో నాణ్యత లోపించడం వల్ల కలిగిన గాయం మరొకటి. ఆసుపత్రి కాన్పులు పెరిగిన దక్షిణాసియాకు ఈ రెండో రకం ముందున్న సవాలు.

ఈ ప్రాంతంలో దీనికి చికిత్స లేకపోలేదు. ఢాకా వైద్య కళాశాల ఆసుపత్రిలో జాతీయ ఫిస్టులా కేంద్రం పనిచేస్తున్నది. కరాచీలోని కోహీ గోఠ్ ఆసుపత్రిలో డాక్టర్ షేర్‌షా సయ్యద్ బృందం ఉచితంగా ఈ ఆపరేషన్లు చేస్తున్నది. మన దేశంలో బోధనాసుపత్రుల యూరాలజీ, గైనకాలజీ విభాగాలలో వీటిని సరిచేసే నైపుణ్యం ఉంది. బాధితురాలు అక్కడి దాకా చేరడమే కష్టం. మూత్రం కారుతున్నదని భర్తకు చెప్పలేక, కాన్పు తర్వాత ఇది మామూలేనని ఇంట్లో పెద్దలు సర్దిచెప్పగా, నెలలు గడిచిపోతాయి.

ఆపరేషన్ దోషి కాదు

ఇదంతా సిజేరియన్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పడానికి కాదు. దేశంలో మాతృ మరణాలు 2014-16లో లక్ష జననాలకు 130 ఉండగా, 2018-20 నాటికి 97కు, 2021-23 నాటికి 88కి తగ్గాయి. 2018-20లో తెలంగాణలో ఇవి 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ తగ్గుదలలో సకాలంలో అందిన ఆపరేషన్లకు వాటా ఉంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం జారే సమస్య సహజ కాన్పుల తర్వాతే ఎక్కువనీ, సిజేరియన్ అయినవారిలో కొంత తక్కువనీ కూడా అధ్యయనాలు చెబుతున్నాయి. అవసరమైన సిజేరియన్‌ను గాయాల భయంతో తిరస్కరిస్తే తల్లికీ బిడ్డకూ అంతకంటే పెద్ద ముప్పు వాటిల్లవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టం చేసినదీ ఇదే. ఒక సమాజంలో సిజేరియన్లు 10 శాతం వరకు పెరిగేకొద్దీ తల్లులు, శిశువుల మరణాలు తగ్గుతాయి. ఆపైన పెరిగినా మరణాలు తగ్గినట్లు ఆధారం లేదు. అలాగని ఒక శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దని, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలని ఆ సంస్థ సూచించింది. ఏ రకం గర్భిణులకు ఆపరేషన్లు ఎక్కువగా జరుగుతున్నాయో తెలుసుకోవడానికి పది వర్గాలుగా విభజించే రాబ్సన్ పద్ధతిని అన్ని ఆసుపత్రులూ పాటించాలని కోరింది.

చేయవలసినవి

కేంద్ర ప్రభుత్వం 2011లో ప్రారంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రులలో సిజేరియన్‌ను ఉచితం చేసింది. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమం ప్రసూతి గదులు, ప్రసూతి ఆపరేషన్ థియేటర్ల నాణ్యతకు ప్రమాణాలు నిర్దేశించింది. తెలంగాణలో 2017లో మొదలైన మిడ్‌వైఫ్ శిక్షణ, 2018లో కేంద్రం ప్రకటించిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు సహజ కాన్పులకు ఊతమిచ్చేవే. వీటన్నిటి దృష్టీ కాన్పు గది మీద, కాన్పు రోజు మీద ఉంది. తల్లి ఆసుపత్రి గేటు దాటిన తర్వాత ఆ దృష్టి బిడ్డ వైపు మళ్లుతున్నది.

ఆశా కార్యకర్తలు కాన్పు తర్వాత 42వ రోజు వరకు ఇంటికి వచ్చి చూసే ఏర్పాటు 2011 నుంచి ఉంది. బిడ్డ బరువు, పాలు, జ్వరం గురించి వారు అడుగుతారు. మూత్రం సరిగా వస్తున్నదా, మంట ఉన్నదా, తెలియకుండా కారుతున్నదా అనే మూడు ప్రశ్నలను తప్పనిసరి చేసి, ఏ ఒక్కదానికి అనుమానం కలిగినా ఎక్కడికి పంపాలో ముందే నిర్ణయించి ఉంచితే అనేక గాయాలు వారాలలోనే బయటపడతాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం కనుక, ఆపరేషన్ జరిగిన ఊరు ఒకటి, బాలింత ఉండే ఊరు మరొకటి అవుతున్నది. ఆపరేషన్ వివరాలు, గొట్టం ఎప్పుడు తీశారు, గాయమేదైనా అయిందా అన్న సంగతులు డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా ఉండటం అందుకే ముఖ్యం. రోగి అడిగిన 72 గంటలలో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఈ హక్కు గురించి తెలిసిన కుటుంబాలు తక్కువ.

చికిత్సలోని మేలు కీళ్లు రోగికి ముందుగా వివరించి అంగీకారం తీసుకోవాలని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నొప్పులతో ఉన్న స్త్రీ ముందు చివరి నిమిషంలో కాగితం పెట్టి సంతకం తీసుకోవడం ఆ తీర్పు స్ఫూర్తికి తగినది కాదు. గర్భిణి నెలనెలా పరీక్షకు వచ్చినప్పుడే ఈ మాటలు చెప్పే వీలుంది. మరోవైపు, గాయమైన ప్రతిసారీ అది నిర్లక్ష్యమే అనుకోవడం కూడా న్యాయం కాదు. నేర విచారణకు వైద్యుని పొరపాటు ఎంత తీవ్రమైనదై ఉండాలో జాకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు నిర్దేశించింది. కష్టమైన ఆపరేషన్‌లో గాయం జరగవచ్చు. దానిని వెతకకపోవడం, తెలిసినా తల్లికి చెప్పకపోవడం క్షమించదగినవి కావు. దాడులు, కేసుల భయం ఉన్న చోట వైద్యులు గాయాన్ని దాచడానికే మొగ్గు చూపుతారు. దాచిన గాయం ఆలస్యంగా, మరింత ముదిరి బయటపడుతుంది. అందువల్ల గాయాలను నిర్భయంగా నమోదు చేసి, సమీక్షించే ఏర్పాటు అవసరం. మాతృ మరణాలపై ఇటువంటి సమీక్ష దేశంలో ఇప్పటికే జరుగుతున్నది. మరణానికి దారితీయని తీవ్ర గాయాలకు కూడా దానిని ప్రతి జిల్లాలో వర్తింపజేయవలసి ఉంది.

మాతృ మరణాలను తగ్గించడంలో దేశం సాధించిన ప్రగతి చిన్నది కాదు. బతికి బయటపడిన తల్లి ఏ స్థితిలో బతుకుతున్నదో చూడటం ఆ ప్రగతికి తరువాతి మెట్టు. సిజేరియన్లు అత్యధికంగా జరుగుతున్న తెలుగు రాష్ట్రాలకు ఆ మెట్టు ముందుగా ఎక్కవలసిన బాధ్యత ఉంది. అందుకు కొత్త ఆసుపత్రులు, ఖరీదైన యంత్రాలు అన్నిచోట్లా అవసరం లేదు. గొట్టం తీసిన సమయం రాయడం, మూత్రం కొలవడం, ఇంటికి వెళ్లిన తల్లిని నాలుగు మాటలు అడగడం, ఆమె చెప్పిన సమాధానాన్ని లెక్కలోకి తీసుకోవడం. మొదట జరగవలసినవి ఇవే.